సవరల మాటలో బడి పెట్టిన గిడుగు పంతులు

శ్రీముఖలింగానికి దగ్గరలో వంశధార ఒడ్డున పర్వతాలపేట అనే పల్లె ఉంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న అక్కడే జన్మించారు. వాడుక భాష కోసం పెద్ద పెద్ద పండితులతో సభల్లో గంటల తరబడి వాదించిన మనిషిగా మన జిల్లాలో ఆయన పేరు వినని వారుండరు. అయితే ఆ వాదాల వేరు సభల్లో లేదు. పలకా బలపం పట్టిన పసివాడి చేత ఒక చిన్న వాక్యం చెప్పించడం, దాన్ని వాడి చేతే రాయించడం ఎలాగన్న దగ్గరే ఉంది.

తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయి 1875లో అక్కడే పోయారు. కుర్రవాడు విజయనగరంలో మేనమామ ఇంట చేరి మహారాజావారి స్కూలులో చదివాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ అయ్యాక 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూలులో 30 రూపాయల జీతం మీద మేష్టరు ఉద్యోగం దొరికింది. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1896లో బి.ఎ. పూర్తి చేశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలే. ఆ కొండల్లో సవరల ఊళ్లు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పించాలని పంతులుగారికి గట్టిగా పట్టుకుంది. కాని ఏ భాషలో చెప్పాలి? తెలుగు రాని పిల్లవాణ్ణి తెలుగు బడిలో కూర్చోబెడితే వాడు నోరు మెదపడు. మొద్దబ్బాయి అని మేష్టరు బెత్తం తీస్తాడు. తప్పు ఎవరిదో చెప్పనక్కరలేదు. పంతులుగారు పిల్లలకు తెలుగు నేర్పడం తర్వాత సంగతి, ముందు తానే సవర నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు.

తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ భాష నేర్చారు. ఆ భాషకు అచ్చు పుస్తకాలు లేవు, వ్యాకరణం లేదు. విన్నది విన్నట్టు రాసుకోవడమే. మన్యం తిరిగి తిరిగి మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. పరాయి మాటలోని ప్రతి శబ్దాన్నీ చెవితో పట్టుకోవలసిన మనిషికి ఆ వినికిడే పోయింది. అయినా పని వదిలిపెట్టలేదు.

సవర మాట కూర్పు తెలుగు వంటిది కాదు. పులి నిన్ను పట్టుకుంటుంది అనడానికి మనకు మూడు మాటలు కావాలి. సవర భాషలో పులీ, నిన్నూ, పట్టుకోవడమూ కలిసి ఒకే మాటగా వచ్చేస్తాయి. ఒక్క మాటే వాక్యమన్న మాట. ఇటువంటి భాష ఇంట్లో మాట్లాడే బిడ్డకు తెలుగు వాచకం తెచ్చి ఇది కర్త, ఇది కర్మ, ఇది క్రియ అని విడగొట్టి చెబితే తలకెక్కేదేమిటి? పంతులుగారు సవరలోనే పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, మేష్టర్లకు జీతాలు కూడా తానే ఇచ్చారు. మన రాష్ట్రంలో ప్రభుత్వం గిరిజన పిల్లలకు వారి వారి భాషల్లో వాచకాలు తయారు చేయించడం 2004 ప్రాంతాన మొదలయింది. ఆ భాషల్లో సవర ఒకటి. పంతులుగారి బళ్లకు వందేళ్లు కావస్తున్న కాలమది.

ఇక తెలుగు బడి సంగతి. 1907లో యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా కోస్తా జిల్లాలకు వచ్చారు. చిన్న తరగతుల్లో తెలుగు చెబుతున్న తీరు ఆయనకు నచ్చలేదు. జనం మాట్లాడేది ఒకటి, పుస్తకంలో ఉండేది ఒకటి, ఎందుకిలా అని విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. పర్లాకిమిడిలో అప్పటికే సవర పిల్లలతో తలమునకలుగా ఉన్న పంతులుగారికి దొర అడిగింది కొత్త ప్రశ్న కాదు. సవర పిల్లవాడికి తెలుగు ఎంత పరాయిదో, తెలుగు పిల్లవాడికి గ్రాంథికం అంత కాకపోయినా పరాయిదే.

బడికి వచ్చేసరికే ఐదేళ్ల పిల్లవాడు అమ్మ అన్నం పెట్టింది, మా ఆవు ఈనింది, నేను బడికి వచ్చాను అని తడుముకోకుండా అంటాడు. వాక్యం ఇంటి దగ్గరే వచ్చేసింది. ఆనాటి బడి వాణ్ణి ఆపి, అమ్మ యన్నము పెట్టెను, నేను బడికి వచ్చితిని అని రాయమనేది. పిల్లవాడు ఏం చెప్పాలో మరచిపోయి, ఎలా చెబితే తప్పు కాదో అని వెతుక్కునేవాడు. పై తరగతులకు వెళ్లినా సొంతంగా నాలుగు ముక్కలు రాయలేక వ్యాసాలు బట్టీ పట్టేవారు. పంతులుగారి వాదమంతా ఇదే. మొదట పిల్లవాడి నోట ఉన్న వాక్యాన్నే రాయనివ్వాలి, కావ్య భాష తర్వాత చదివి తెలుసుకోవచ్చు. కావ్యాల మీద ఆయనకు ద్వేషమేమీ లేదు. వాటిలో ఆయనకున్న పాండిత్యం చూసి ఎదిరిపక్షం వారే జంకేవారు.

1911లో ఉద్యోగం విరమించాక పూర్తిగా ఈ పనిలోకే దిగారు. పరీక్షల్లో వాడుక భాషలో రాయవచ్చునన్న వెసులుబాటు వచ్చినట్టే వచ్చి, జయంతి రామయ్య పంతులుగారి పక్షం పట్టుదల వల్ల కొద్దికాలానికే పోయింది. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఏడాది నడిచింది. బడి పుస్తకాల్లో వాడుక భాష నిలదొక్కుకోవడం మాత్రం ఆయన కళ్లారా చూడలేదు.

సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువు కూడా ఆ తర్వాత వెలువడింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. యాభై ఆరేళ్ల కిందట మేష్టరుగా అడుగుపెట్టిన ఊరు విడిచి, కుమారుడు సీతాపతిగారితో రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. సవరల గురించిన పరిశోధన సీతాపతిగారు కొనసాగించారు. తెలుగు పిల్లలు పాడుకునే పాటలు కూడా రాశారు.