క్లౌ దంపతులు

ఒంగోలు సీమలో క్లౌ దొర పేరు వినని పల్లె అరుదు. ఆయన కథను మనకు దక్కించిన యిల్లాలిని తలచువారు మాత్రము తక్కువ.

అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, భార్య హారియెట్‌తో 1866లో ఒంగోలు చేరిరి. 1876-78 నాటి ధాత కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్లు గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. గింజలకై మతము పుచ్చుకొనిరన్న నింద రాకుండ, ఏడాదికి పైగా ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. పిమ్మట 1878 జులై 3న వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

హారియెట్ గతించిన పిమ్మట, 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడిరి. ఆమె 1882లోనే తెలుగునాట అడుగిడిన మిషనరీ. స్త్రీల హక్కులకై వాదించిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధించి బెర్న్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిన విదుషి. అట్టి విదుషి మాదిగ పెద్దల నోట వారి పూర్వకథలను, కొలిచిన అమ్మవార్లను, ఆశ్రయించిన యోగిగురువులను గూర్చి విని 1899లో గ్రంథముగా వెలువరించిరి. ఆమె చూపు మిషనరీ చూపే. అయినను, చెప్పులు కుట్టు చేతుల చరిత్ర అచ్చుకెక్కుట ఆనాడు సామాన్య విషయము కాదు.

క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టరున కన్నుమూసిరి. ఆయన చెప్పగా ఎమ్మా వ్రాసిన జీవితకథ 1914లో వెలువడినది.