చలిజ్వరమును లెక్కకు తెచ్చిన వైద్యుడు

రోగమునకు హేతువు తెలియనప్పుడు మనవారు గాలి సోకినదనియో, నీరు పడలేదనియో చెప్పి యూరకుందురు. ఈ యలవాటు మనదేశమునకే పరిమితము కాదు. మలేరియా యను మాటకు ఇటలీ భాషలో చెడ్డగాలి యనియే యర్థము. చిత్తడినేలల నుండి లేచు దుర్వాయువే చలిజ్వరమునకు మూలమని ఐరోపా పండితులును శతాబ్దములపాటు నమ్మిరి. ఆ నమ్మకము తప్పని తెలుగుగడ్డపైననే ఋజువుచేసిన సర్ రోనాల్డు రాస్ చరిత్రమును హరిశ్చంద్రపురము, టెక్కలి, పలాస ప్రాంతముల పాఠకులు తెలిసికొనుట నేడు మిక్కిలి యవసరమని తలంచుచున్నాము.

రాస్ 1857 మే 13వ తేదీన ఆల్మోరాలో జన్మించెను. మీరట్టులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములే యయ్యెను. తండ్రి ఆంగ్ల సైన్యమున నుద్యోగి. కుమారునకు కవిత్వ సంగీతములందును, గణితమందును మక్కువ మెండు. అయినను తండ్రి కోరికచే వైద్యము నభ్యసించి, 1881లో ప్రభుత్వ వైద్యశాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. 1894లో లండనునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు మలేరియా క్రిమిని ఆయనకు చూపి, దీనిని దోమలు మోయుచున్నవేమో యను తన యనుమానమును తెలిపెను. దోమలు చచ్చిన నీటిని త్రాగుటచే జ్వరము వచ్చునని మాన్సన్ ఊహ. అనగా గాలిని విడిచిన నేరము నీటిపై బడెను.

రాస్ 1895లో సికిందరాబాదు చేరి, ఆ ఊహను పరీక్షించుచు వందలకొలది దోమలను కోసి చూచెను. పంకా విసరినచో దోమలు చెదరునని దానిని మాన్పించెను. చెమటచే సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. తుదకు 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల దోమలు దొరకెను. కాటునకు అణా చొప్పున కూలి పుచ్చుకొని హుస్సేన్ ఖాన్ అను జ్వరపీడితుడు వానిచే కుట్టించుకొనెను. 20వ తేదీన అట్టి దోమ కడుపుగోడలో రాస్ మలేరియా క్రిమిని కనుగొనెను. మరుసటి యేడు కలకత్తాలో మహమ్మద్ బక్షు సాయమున పక్షులపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటువలన సంక్రమించునని నిరూపించెను. 1902లో నోబెలు బహుమానము రాస్‌నకు వచ్చెను. ఆ కీర్తిలో హుస్సేన్ ఖానునకును, మహమ్మద్ బక్షునకును న్యాయముగా భాగము కలదని మా యభిప్రాయము.

దోమను పట్టుటతో ఆయన పని ముగియలేదు. లోకమందలి దోమలనన్నిటిని చంపగలవారెవరని యనేకులు పరిహసించిరి. దీనికి రాస్ గణితముతో సమాధానమిచ్చెను. 1907, 1908 సంవత్సరములలో మారిషస్ ద్వీపమున జ్వరమును పరిశీలించి, రోగుల సంఖ్య, దోమల సంఖ్య, కాట్ల సంఖ్య, క్రిమి పక్వమగువరకు దోమ బ్రతుకు అవకాశము, వీనిని సమీకరణములలో కూర్చెను. 1911లో దానిని విస్తరించి ప్రకటించెను. దోమలు ఒక హద్దుకు దిగువకు తగ్గినచో, కొన్ని మిగిలియున్నను జ్వరము తనంత తాను నశించునని ఆ లెక్కలు తేల్చెను. నీరు నిలువకుండ కాలువలు త్రవ్వుట వృథాశ్రమ కాదని దీనివలన తెలిసెను.

ఈ లెక్కలో ఋతువునకు కూడ స్థానము కలదు. వేడి క్రిమి పక్వమగు దినములను నిర్ణయించును. వాన దోమలకు గుంటల నొసగును. తేమ వాని యాయువును పెంచును. అనగా ఋతువు రోగమునకు కర్త కాదు, సహాయకారి. ఎంత సహాయకారియో అంకెలే చెప్పవలెను. నేడు నగరములలో గాలియందలి పొగధూళిని, ఎండతీవ్రతను, ఆసుపత్రికి వచ్చు రోగుల సంఖ్యను దినదినము సరిపోల్చు శాస్త్రమును ఈ ఋతువుల లెక్కవంటిదే. రాస్ 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

ఇక ఉద్దానము మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి కొబ్బరి, జీడి తోటలలో పనిచేయు కష్టజీవులను ఏండ్ల తరబడి బలిగొనుచున్నది. 2023లో పలాసలో పరిశోధనా కేంద్రమును, ఆసుపత్రియు వెలసెను. హిరమండలము నుండి మంచినీరు తెచ్చు పథకము అమలయ్యెను. ఇవి మేలైన పనులే. కాని వ్యాధిమూలము నేటికిని నిర్ధారణ కాలేదు. నీరని కొందరు, ఎండలో చాకిరియని కొందరు, పురుగుమందులని కొందరు వాదించుచున్నారు. వాదములతో రోగము తగ్గదు. ఏ యూర ఎవరు ఏ నీరు త్రాగిరి, ఎన్ని గంటలు ఎండలో నిలిచిరి, ఏ వయస్సున జబ్బుపడిరి యను వివరములు ఇంటింట, ఏటేట వ్రాయబడవలెను. భూస్వాములు మరణములను దాచక నమోదు చేయింపవలెను. మూలము తేలువరకు వేచియుండక కూలివారికి నీడయు, మంచినీరును, మధ్యాహ్న విశ్రాంతియు నొసగవలెను. రెండేండ్లు దోమలను కోసిన యోర్పు ఒక పరదేశీయునకు కలిగినప్పుడు, మన యిరుగుపొరుగువారి ప్రాణములను లెక్కించు నోర్పు మనకు కలుగకుండుట సిగ్గుచేటు.