తెలిసి తెలిసీ మృత్యువుకు ఎదురేగిన నినోయ్ అక్వినో

1983 ఆగస్టు 21, ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటిన కొద్దిసేపటికి తైపీ నుంచి బయలుదేరిన చైనా ఎయిర్‌లైన్స్ విమానం ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో దిగింది. సైనికులు విమానంలోకి వచ్చి, తెల్లని సఫారీ దుస్తులలో ఉన్న యాభై ఏళ్ల ప్రయాణికుడిని లేపి, పక్క ద్వారం నుంచి ఇనుప మెట్ల మీదుగా కిందికి తీసుకుపోయారు. వెంట రాబోయిన విలేకరులను తలుపు వద్దనే నిలువరించారు. నిమిషమైనా గడవకముందే తుపాకీ పేలిన చప్పుడు. కిటికీలలోంచి చూసినవారికి ఆయన నేలపై బోర్లా పడి కనిపించారు. తూటాలను ఆపే కవచాన్ని చొక్కా లోపల ధరించే వచ్చారు. కానీ తూటా తల వెనుక నుంచి దూసుకుపోయింది.

ఆయనే బెనిగ్నో అక్వినో. జనం నోట నినోయ్. ప్రాణాపాయం ఉందని స్వయంగా రక్షణమంత్రి నుంచే కబురు అందినా, మూడేళ్ల ప్రవాసాన్ని విడిచి స్వదేశానికి మరలిన నాయకుడు.

సిరిసంపదల నడుమ...

లూజాన్ ద్వీపం మధ్యభాగంలోని టార్లాక్ రాష్ట్రం చెరకు, వరి పండే నేల. అక్కడి కన్సెప్షన్ పట్టణంలో పేరుమోసిన భూస్వామ్య కుటుంబంలో 1932 నవంబర్ 27న నినోయ్ జన్మించారు. తాత సెర్విల్లానో అక్వినో తొలుత స్పెయిన్ పైనా, తరువాత అమెరికా పైనా పోరాడిన సేనాని. తండ్రి బెనిగ్నో సీనియర్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, జపాన్ ఆక్రమణ నాటి శాసనసభకు స్పీకర్. యుద్ధం ముగిశాక ఆయనపై దేశద్రోహ నేరం మోపారు. విచారణ తేలకుండానే 1947 డిసెంబర్‌లో మనీలాలో ముష్టియుద్ధ పోటీ తిలకిస్తూ గుండె ఆగి మరణించారు. తాత స్వాతంత్ర్య యోధుడు, తండ్రి దేశద్రోహ నిందితుడు. ఈ రెండు వారసత్వాలనూ పదిహేనేళ్ల వయసులో నినోయ్ మోయవలసి వచ్చింది. తరువాతి జీవితంలో ఆయన చూపిన తొందరపాటుకు మూలం బహుశా ఇక్కడే ఉంది.

ఆ తొందర సామాన్యమైనది కాదు. పదిహేడేళ్లకే మనీలా టైమ్స్ విలేకరిగా కొరియా యుద్ధరంగానికి వెళ్లారు. పద్దెనిమిదేళ్లకే రాష్ట్రపతి క్విరినో చేతుల మీదుగా ఉన్నత పౌర గౌరవాన్ని అందుకున్నారు. న్యాయశాస్త్రం చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1954లో రాష్ట్రపతి మాగ్సేసే పక్షాన కొండల్లోకి వెళ్లి, హుక్ రైతాంగ తిరుగుబాటు నేత లూయిస్ తారుక్‌తో నెలల తరబడి చర్చలు సాగించి లొంగుబాటుకు ఒప్పించారు. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. నమ్మి దిగివచ్చిన తారుక్ మాత్రం ఏళ్ల తరబడి కారాగారంలో మగ్గారు.

అదే సంవత్సరం అక్టోబర్‌లో టార్లాక్‌లోని మరో మహాసంపన్న కుటుంబపు ఆడపడుచు కొరజోన్ కొహువాంకోను వివాహమాడారు. 1955లో కన్సెప్షన్ మేయర్‌గా గెలిచారు. అయితే పదవికి 23 ఏళ్లు నిండాలి. ఎన్నిక నాటికి ఆయనకు 19 రోజులు తక్కువ. న్యాయస్థానం ఆ ఎన్నికను రద్దు చేసింది.

ఆ తరువాత మామగారు కొనుగోలు చేసిన హసియెండా లూయిసిటా అనే చెరకు క్షేత్రానికి నినోయ్ నిర్వాహకులయ్యారు. ఆ క్షేత్రం విస్తీర్ణం 6 వేల హెక్టార్లకు పైమాటే. మన లెక్కన సుమారు 16 వేల ఎకరాలు. కొనుగోలుకు ప్రభుత్వ సంస్థల తోడ్పాటు లభించింది. కాలక్రమంలో భూమిని కౌలుదార్లకు పంచాలన్నది అందులో ఒక షరతు. ఆ పంపకం జరగలేదు. 2004 నవంబర్‌లో అక్కడ సమ్మె చేస్తున్న కూలీలపై కాల్పులు జరిగి ఏడుగురు మరణించారు. సుప్రీంకోర్టు 2012లో తుది తీర్పు ఇచ్చేదాకా కూలీలు భూమి కోసం నిరీక్షించారు. నినోయ్ చరిత్ర చెప్పేవారు ఈ అధ్యాయాన్ని దాటవేయడం న్యాయం కాదు.

రాజకీయంగా మాత్రం ఆయన వేగానికి అడ్డులేకపోయింది. 28 ఏళ్లకు టార్లాక్ గవర్నర్. 1967లో సెనేటర్. ఆ ఏడాది ఎనిమిది స్థానాలకు ఎన్నిక జరుగగా లిబరల్ పార్టీ నుంచి నెగ్గినది ఆయన ఒక్కరే. సెనేట్‌లో అడుగుపెట్టిన కొద్ది నెలలకే, మలేసియాలోని సబాలో అలజడి రేపేందుకు ముస్లిం యువకులకు రహస్య శిక్షణ ఇస్తున్న వైనాన్ని బయటపెట్టారు. రాష్ట్రపతి ఫెర్డినాండ్ మార్కోస్ దేశాన్ని సైనిక శిబిరంగా మారుస్తున్నారని 1968లోనే హెచ్చరించారు. 1971 ఆగస్టు 21న మనీలాలోని ప్లాజా మిరాండాలో లిబరల్ పార్టీ సభా వేదికపై గ్రెనేడ్లు పేలి తొమ్మండుగురు మరణించారు. నినోయ్ ఆ సభకు ఇంకా చేరుకోకపోవడంతో ప్రాణాలతో మిగిలారు. సరిగ్గా పన్నెండేళ్లకు అదే తేదీ ఆయనను బలిగొన్నది.

చెర తెచ్చిన మార్పు

రాజ్యాంగం ప్రకారం మార్కోస్‌కు 1973తో పదవీకాలం ముగియాలి. తదుపరి రాష్ట్రపతి నినోయ్ కావచ్చునని దేశమంతా అనుకుంటున్న సమయంలో, 1972 సెప్టెంబర్‌లో సైనిక శాసనం వచ్చిపడింది. తొలుత అరెస్టయిన వారిలో ఆయన ఒకరు.

1973 మార్చిలో ఆయననూ సెనేటర్ డియోక్నోనూ కళ్లకు గంతలు కట్టి హెలికాప్టర్‌లో లౌర్ అనే మారుమూల సైనిక స్థావరానికి తరలించారు. కళ్లజోడు, గడియారం, పెళ్లి ఉంగరం, ఒంటిమీది బట్టలు తీసేసుకున్నారు. కిటికీలు మూసిన గదిలో ఒంటరిగా ఉంచారు. విషం కలుపుతారన్న అనుమానంతో ఆయన భోజనం ముట్టలేదు. భర్త ఎక్కడున్నదీ కొరజోన్‌కు వారాల తరబడి తెలియలేదు. చివరకు ముళ్లకంచెకు అవతల చూడనిచ్చినప్పుడు, చిక్కిపోయి, జారిపోతున్న ప్యాంటును చేత్తో పట్టుకుని నిలుచున్న మనిషి కనిపించారు. పుట్టినది మొదలు ఏ లోటూ ఎరుగని వ్యక్తి దైవచింతన వైపు మళ్లినది ఆ గదిలోనే.

పౌరుడిని సైనిక న్యాయస్థానం విచారించడం చెల్లదంటూ 1975 ఏప్రిల్ 4న నిరాహార దీక్షకు పూనుకుని 40 రోజులు కొనసాగించారు. విచారణ ఆగలేదు. 1977 నవంబర్‌లో ఆయనకు తుపాకులతో కాల్చి చంపే శిక్ష విధించారు. శిక్ష అమలు కాలేదు. 1978లో చెరనుంచే మనీలాలో పార్లమెంటు ఎన్నికలకు అభ్యర్థులను నిలబెట్టారు. ప్రత్యర్థి జాబితాకు నాయకురాలు మార్కోస్ సతీమణి ఇమెల్డా. పోలింగ్‌కు ముందురోజు రాత్రి నగర ప్రజలు గిన్నెలు, పళ్లాలు మోగించి, కార్ల హారన్లు కొట్టి మద్దతు తెలిపారు. ఫలితాలలో మాత్రం 21 స్థానాలూ ప్రభుత్వ పక్షానికే దక్కాయి.

1980లో గుండెపోటు రావడంతో శస్త్రచికిత్స కోసం అమెరికా వెళ్లనిచ్చారు. ఏడేళ్ల ఏడు నెలల నిర్బంధం అలా ముగిసింది. తిరిగి వస్తానని, మార్కోస్‌ను విమర్శించనని మాట ఇచ్చి వెళ్లారు. రెండో మాట నిలుపుకోలేదు. మొదటిది ప్రాణమిచ్చి నిలుపుకున్నారు. బోస్టన్ సమీపంలోని న్యూటన్‌లో భార్య, ఐదుగురు పిల్లలతో గడిపిన మూడేళ్లు ఆ కుటుంబానికి ప్రశాంత కాలం. హార్వర్డ్, ఎంఐటీలలో పరిశోధనకు అవకాశం దక్కింది. అక్కడే స్థిరపడినా తప్పుపట్టేవారు లేరు.

కానీ మార్కోస్ ఆరోగ్యం క్షీణించిందన్న వార్తలు ఆయనను నిలువనీయలేదు. అధికారం సైనికుల పరమయ్యేలోగా మార్కోస్‌ను కలిసి, ఎన్నికలకు ఒప్పించాలని తలచారు. పాస్‌పోర్టు దొరకకపోవడంతో మార్షియల్ బోనిఫాసియో అనే మారుపేరుతో పత్రాలు సంపాదించారు. మార్షియల్ అంటే సైనిక శాసనం, బోనిఫాసియో అంటే తనను బంధించిన కోట. కెమెరాలు సిద్ధంగా ఉంచుకోవాలని, అంతా నిమిషాలలో ముగిసిపోవచ్చునని వెంట వచ్చిన విలేకరులకు ముందే చెప్పారు. మనీలాలో చదివేందుకు రాసుకున్న ప్రకటనలో గాంధీజీ త్యాగబోధను స్మరించారు. దానిని చదివే అవకాశం ఆయనకు రాలేదు.

ముఖాన నెత్తురు తుడవకుండా, దుస్తులు మార్చకుండానే బిడ్డను జనానికి చూపాలని తల్లి అరోరా పట్టుబట్టారు. ఆగస్టు 31న జరిగిన అంతిమయాత్ర 11 గంటలు సాగింది. సుమారు 20 లక్షల మంది వీధులలో నిలిచారని అంచనా. ప్రభుత్వ టెలివిజన్ దానిని దాదాపుగా చూపనేలేదు.

రెండున్నరేళ్లకు 1986 ఫిబ్రవరిలో జనోద్యమం మార్కోస్‌ను దేశం దాటించింది. తనను గృహిణిగానే చెప్పుకున్న కొరజోన్ రాష్ట్రపతి అయ్యారు. కుమారుడు మూడో బెనిగ్నో 2010 నుంచి 2016 వరకు అదే పదవి నిర్వహించారు. 2022లో మార్కోస్ కుమారుడు ఆ పీఠమెక్కారు.

హత్య కేసు కథ వేరు. రోలాండో గాల్మన్ అనే వ్యక్తి ఒక్కడే కాల్చాడని, అతనిని అక్కడికక్కడే చంపామని సైన్యం చెప్పిన మాటను 1984లో విచారణ సంఘం తోసిపుచ్చింది. సైన్యాధిపతి వెర్ సహా నిందితులందరినీ 1985లో నిర్దోషులుగా విడిచిపెట్టారు. ఆ తీర్పును సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1990లో 16 మంది సైనికులకు యావజ్జీవ శిక్ష పడింది. వారిలో చివరివారు 2009లో బయటికి వచ్చారు. నినోయ్‌ను చంపమని ఆజ్ఞాపించినది ఎవరో ఏ తీర్పులోనూ తేలలేదు.