తమ్ముని సమాధి

ఇంగ్లండులోని న్యూకాజిల్-అండర్-లైమ్ పట్టణంలో 1893 డిసెంబరు 29న వేరా బ్రిట్టన్ జన్మించింది. తండ్రి కాగితపు మిల్లు యజమాని. సంపన్న కుటుంబం. ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే, పేరు ఎడ్వర్డ్. ఆమె కంటె దాదాపు రెండేండ్లు చిన్నవాడు. అతనికి వయొలిన్ అంటే ప్రాణం. ఆడపిల్లకు పైచదువులు అక్కరలేదని భావించే ఆ రోజుల్లో వేరా పట్టుబట్టి, 1914లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో ప్రవేశించింది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే ఇంగ్లండు మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించింది. ఎడ్వర్డ్ సైన్యంలో చేరతానంటే తండ్రి ససేమిరా అన్నాడు. అప్పుడు తమ్ముని పక్షం వహించినది వేరాయే. యువకులను సైన్యానికి ఆహ్వానించే పత్రికా ప్రకటనను అతనికి చూపినది కూడా ఆమెయే. వేరా బ్రిట్టన్ పుట్టుకతో శాంతివాది కాదన్న సంగతిని ఆమె జీవితం చదివేవారు మరువరాదు.

1915లో ఆమె చదువు మాని, క్షతగాత్రులకు సేవ చేసే నర్సుగా చేరింది. ఆ డిసెంబరులోనే ఆమె పెండ్లాడదలచిన రోలండ్ లీటన్ ఫ్రాన్సులో గాయపడి మరణించాడు. 1916 జూలై 1న సోమ్ యుద్ధంలో ఎడ్వర్డ్ గాయపడ్డాడు. లండనులో అక్క పనిచేస్తున్న ఆసుపత్రికే అతనిని తీసుకొనివచ్చారు. అతని సాహసానికి మిలిటరీ క్రాస్ పతకం లభించింది. 1917లో ఆ అక్కాతమ్ముళ్ల ఆప్తమిత్రులిద్దరు ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు.

అదే సంవత్సరం ఆమెను ఫ్రాన్సులోని ఎటాప్లె సైనిక వైద్యశాలకు పంపారు. అక్కడ ఆమెకు అప్పగించిన వార్డులో ఉన్నవారు గాయపడిన జర్మను యుద్ధఖైదీలు. తమ్ముడు యీప్ర్ రణరంగంలో ఎవరి ప్రాణాలు తీయడానికి పోరాడుతున్నాడో, వారి ప్రాణాలు నిలపడానికి అక్క రేయింబవళ్లు శ్రమించవలసి వచ్చింది. ఆ గాయాలను కడిగి కట్లు కట్టిన చేతులకు శత్రువు అనే మాట అర్థం లేనిదిగా తోచింది. ఆమె భావిజీవితానికి బీజం పడినది అక్కడనే.

ఆ తరువాత ఎడ్వర్డ్‌ను ఇటలీకి తరలించారు. తల్లి అనారోగ్యం కారణంగా వేరా లండనుకు తిరిగివచ్చింది. 1918 జూన్ 11న తమ్ముని ఉద్దేశించి ఆమె ఒక కవిత వ్రాసింది. నాలుగు రోజులకు, జూన్ 15న, ఆసియాగో పీఠభూమిపై జరిగిన పోరులో ఎడ్వర్డ్ నేలకొరిగాడు. వారం తరువాత ఇంటికి తంతి అందింది. అప్పటికి అతనికి ఇరవై రెండేండ్లు.

యుద్ధానంతరం ఆమె ఆక్స్‌ఫర్డ్‌కు మరలివెళ్లి, సాహిత్యాన్ని విడిచి చరిత్రను చదివింది. ఇంత వినాశం ఎందుకు జరిగిందో తెలుసుకోవాలనే తపనయే అందుకు కారణం. 1921లో స్నేహితురాలు, రచయిత్రి విన్‌ఫ్రెడ్ హోల్ట్‌బీతో కలిసి ఇటలీలోని గ్రనెట్సా శ్మశానవాటికలో తమ్ముని సమాధిని దర్శించింది. 1924లో ఓడిన జర్మనీకి వెళ్లి అక్కడి ప్రజల దైన్యాన్ని కన్నులారా చూచింది. నానాజాతి సమితి ఆశయాలను ప్రచారం చేస్తూ ఊరూరా ఉపన్యసించింది. 1933లో వెలువడిన ఆమె ఆత్మకథ ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’ విశేషమైన ఆదరణ పొందింది. 1937లో పీస్ ప్లెడ్జ్ యూనియన్‌లో చేరి, ఏ యుద్ధాన్నీ సమర్థించనని ప్రతిజ్ఞ పూనింది.

ఆ ప్రతిజ్ఞకు కఠిన పరీక్ష రెండవ ప్రపంచ యుద్ధం. జర్మను నగరాలపై బాంబులు కురిపించి సామాన్య ప్రజలను చంపడం తగదని 1944లో ఆమె పుస్తకం వ్రాసినప్పుడు ఇంగ్లండులోను, అమెరికాలోను నిందలు మిన్నుముట్టాయి. పాఠకులు దూరమయ్యారు. శత్రుపక్షపాతి అన్నారు. 1945లో ఒక విచిత్రం బయటపడింది. ఇంగ్లండును జయిస్తే వెంటనే నిర్బంధించదలచిన వారి జాబితాను నాజీలు ముందే సిద్ధం చేసుకున్నారు. అందులో వేరా బ్రిట్టన్ పేరు ఉంది!

మన దేశంతోనూ ఆమెకు అనుబంధం ఉంది. గాంధీజీ మరణానంతరం 1949 డిసెంబరులో శాంతినికేతన్‌లోను, సేవాగ్రామ్‌లోను జరిగిన ప్రపంచ శాంతివాదుల సమావేశానికి ఆమె హాజరైంది. ఆ యాత్రానుభవాలను తరువాత గ్రంథంగా వెలువరించింది.

1970 మార్చి 29న ఆమె లండనులో తుదిశ్వాస విడిచింది. ఆమె కోరిక ప్రకారం ఆ సెప్టెంబరులో కుమార్తె షర్లీ విలియమ్స్ చితాభస్మాన్ని ఇటలీకి తీసుకొనివెళ్లి, గ్రనెట్సాలో ఎడ్వర్డ్ సమాధిపై చల్లింది.