డ్యూక్ చెక్కుకున్న పలక



ఈ నెల మీకు పరిచయం చేయాలనుకుంటున్న వ్యక్తి ఒలింపిక్స్‌లో అయిదు పతకాలు గెలిచిన ఈతగాడు. కానీ నేను చెప్పబోయేది ఆ పతకాల గురించి కాదు, ఆయన సొంతంగా తయారు చేసుకున్న ఒక చెక్క పలక గురించి.

ఆయన పేరు డ్యూక్ కహనమోకు. డ్యూక్ అన్నది బిరుదు కాదు, తండ్రి పేరే ఆయనకూ పెట్టారు. 1890లో హవాయి దీవుల్లోని హొనొలులులో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవారు. వైకీకీ తీరంలో పెరిగారు. ఇంటికి ఆసరాగా ఉండాల్సి రావడంతో హైస్కూల్ పూర్తి చేయలేకపోయారు.

పలక మీద నిలబడి అలతో పాటు ఒడ్డుకు జారుతూ రావడాన్ని సర్ఫింగ్ అంటారు. మీ పిల్లలు టీవీలో చూసే ఉంటారు. ఇప్పటి సర్ఫ్‌బోర్డులు ఫోమ్, ఫైబర్‌గ్లాస్‌తో తేలిగ్గా ఉంటాయి, షాపులో కొనుక్కోవచ్చు. డ్యూక్ కుర్రతనంలో అలా కాదు. బోర్డు కావాలంటే ఒక మంచి చెక్క వెతుక్కోవాలి. ముందు భాగం గుండ్రంగా, వెనక భాగం సన్నగా వచ్చేలా చెక్కాలి. అంచులు చిత్రిక పట్టి, గరుకు పోయేదాకా రుద్ది, నీళ్లు పీల్చకుండా వార్నిష్ వేయాలి. ఇంత చేసినా అది సరిగ్గా కుదిరిందో లేదో సముద్రంలోకి దిగితేనే తెలుస్తుంది. ఒక పక్కకు ఒరిగిందంటే మళ్లీ ఒడ్డుకు మోసుకొచ్చి పని మొదలుపెట్టాల్సిందే.

1911లో హొనొలులు ఓడరేవులో జరిగిన పోటీలో డ్యూక్ 100 గజాలు 55.4 సెకన్లలో ఈదారు. అప్పటి ప్రపంచ రికార్డు కంటే 4 సెకన్లకు పైగా తక్కువ! అమెరికాలోని క్రీడా అధికారులు నమ్మలేదు, రికార్డును గుర్తించలేదు. మరుసటి సంవత్సరం స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో ఆయన స్వర్ణం గెలిచారు.

ఆ పేరుతోనే 1914 చివర్లో ఈత ప్రదర్శనల కోసం ఆస్ట్రేలియా పిలిచారు. సిడ్నీ దగ్గర అలలు చూశాక సర్ఫింగ్ చేయాలనిపించింది. తన బోర్డు వెంట తెచ్చుకోలేదు. అక్కడే షుగర్ పైన్ చెక్క సంపాదించి, తనకు తెలిసిన కొలతలతో కొత్త బోర్డు తయారు చేసుకున్నారు. ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో దాని మీద ఆయన అలలెక్కుతుంటే జనం గుమిగూడి చూశారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ బోర్డును క్లాడ్ వెస్ట్ అనే కుర్రాడికి ఇచ్చి వెళ్లారు. అతను దాని మీదే నేర్చుకుని ఛాంపియన్ అయ్యాడు. వందేళ్లు దాటినా ఆ పలకను ఫ్రెష్‌వాటర్ క్లబ్‌లో భద్రంగా దాచారు.

1925లో కాలిఫోర్నియాలోని కరోనా డెల్ మార్ దగ్గర థెల్మా అనే పడవ పెద్ద అలలకు బోల్తా పడింది. డ్యూక్ తన బోర్డుతో మళ్లీ మళ్లీ సముద్రంలోకి వెళ్లి ఒక్కరే 8 మందిని ఒడ్డుకు చేర్చారు. అంత అల్లకల్లోలంలో ఆ పలక ఎటు తిరుగుతుందో, ఎంత బరువు మోస్తుందో ఆయనకు బాగా తెలుసు. చిన్నప్పటి నుంచి చెక్కుతూ, సరిదిద్దుతూ నేర్చుకున్న విద్య అది.

నలభై ఏళ్ల వయసులో కూడా ఆయన ఆ పని వదల్లేదు. పూర్వపు హవాయి రాజులు వాడిన బోర్డుల పద్ధతిలో 16 అడుగుల పొడవు, దాదాపు 52 కిలోల బరువున్న కొత్త బోర్డు చేసుకున్నారు. చాలా ఏళ్లు హొనొలులు షెరీఫ్‌గా పనిచేసి 1968లో కన్నుమూశారు.

డ్యూక్‌లా బడి మానేయమని ఎవరూ చెప్పరు. ఆయన పరిస్థితి మన పిల్లలకు రాకూడదు. కానీ ఆయనకు దొరికి, మన పిల్లలకు దొరకనిది ఒకటుంది. తన చేత్తో ఒక వస్తువు చేసి, అది పాడైతే మళ్లీ చేసే తీరిక.

సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఎన్నో అందమైన మోడల్స్ వస్తాయి. కొన్ని రెడీమేడ్‌గా కొన్నవి, కొన్ని అమ్మానాన్నలు అర్ధరాత్రి దాకా కూర్చుని చేసినవి. ఇది ఎలా పనిచేస్తుందని అడిగితే బాబు గానీ పాప గానీ మౌనంగా నిలబడతారు. వంకరగా అతికించిన అట్టపెట్టె తెచ్చిన పిల్లాడు మాత్రం ఆపకుండా చెబుతాడు. ఎక్కడ ఊడిపోయిందో, ఎందుకు ఊడిపోయిందో, రెండోసారి ఏం మార్చాడో అన్నీ వాడికి తెలుసు.

అందుకే మీకు ఒక చిన్న మనవి. ఈసారి ప్రాజెక్ట్ వర్క్ ఇంటికి వచ్చినప్పుడు అట్ట, జిగురు, కత్తెర తెచ్చి పిల్లల ముందు పెట్టండి. చిన్న పిల్లలైతే కత్తెర పని దగ్గర పక్కనే ఉండండి. మిగతాది వాళ్లకే వదిలేయండి. అది వంకరగా వచ్చినా అలాగే స్కూల్‌కి పంపండి.

మీ పిల్లల టీచర్