కోరీ టెన్ బూమ్: బరువైన చెయ్యి

తప్పు చేసినవాడు వచ్చి క్షమించుమని అడుగుట కష్టమే. అయితే గాయపడినవారు ఆ మాటను అంగీకరించుట ఇంకను కష్టమని మనము అంతగా తలంచము. హాలెండు దేశపు సహోదరి కోరీ టెన్ బూమ్ జీవితములో ఈ సంగతి తేటగా కనబడుచున్నది.

ఈమె 1892లో జన్మించెను. హార్లెమ్ పట్టణములో తండ్రి కాస్పర్‌తోకూడ గడియారములు బాగుచేయుచు, 1922లో ఆ దేశమందు ఈ పనికి అనుమతి పత్రము పొందిన మొదటి స్త్రీ ఆయెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నాజీలు యూదులను పట్టి చంపుచుండగా, ఈ కుటుంబము వారిని తమ యింట దాచెను. ఒకడు ఆ సంగతి బయటపెట్టగా 1944 ఫిబ్రవరి 28న వీరిని బంధించిరి. 84 ఏండ్ల తండ్రి పది దినములకే చెరలో మరణించెను. అక్క బెట్సీ ఆ డిసెంబరులో జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ శిబిరమున కన్నుమూసెను. కొన్ని దినములకే కోరీకి విడుదల కలిగెను.

1947లో మ్యూనిక్ పట్టణపు దేవాలయములో ఆమె దేవుని క్షమాపణను గూర్చి మాటలాడెను. కూటము ముగియగానే ఒక మనుష్యుడు ఆమె యెదుటికి వచ్చెను. అతడు రావెన్స్‌బ్రూక్‌లో కావలివాడు. ఆమె అతని గుర్తుపట్టెను గాని అతడు ఆమెను ఎరుగడు. తాను మారుమనస్సు పొందినట్లు చెప్పి, క్షమింపుమని చెయ్యి చాచెను.

అంతవరకు క్షమను బోధించిన ఆమెకు చెయ్యి లేవలేదు. బెట్సీ ఆమె కన్నులయెదుట నిలిచెను. హృదయములో ప్రేమ యేమియు లేదు. సహాయము చేయుమని యేసును మనస్సులో వేడుకొని, బలవంతముగా చెయ్యి చాచెను. చేతులు కలిసిన తరువాతనే ప్రేమ పుట్టెనని ఆమె సాక్ష్యమిచ్చెను.

అనేక సంవత్సరముల పిమ్మట స్నేహితులైన కొందరు విశ్వాసులు ఆమెను నొప్పించి, తమయందు తప్పే లేదనిరి. ఆమె క్షమించితిననుకొనెను గాని, రుజువుగా వారి ఉత్తరములను భద్రముగా దాచుకొనెను. ఒక మిత్రుడు ఆ సంగతి ఎత్తిచూపగా సిగ్గుపడి వాటిని కాల్చివేసెను. 1983లో, తన 91వ జన్మదినముననే, ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, పొలము గట్టు తగవైనను అన్నదమ్ముల తగవైనను, పెద్దలముగా కూర్చుండి తప్పు ఒప్పించి, వెంటనే చేతులు కలుపుడని మనము తొందరపెట్టుదుము. నొచ్చినవారు తడబడినయెడల వారిని కఠినహృదయులని నిందింపకుందము. ఈ సహోదరికే చెయ్యి బరువాయెను గదా! తప్పు చేసినవారు క్షమను బాకీవలె అడుగక, ఓర్పుతో కనిపెట్టవలెను. నొచ్చినవారు ప్రేమ కలుగువరకు ఆగక, ప్రార్థించి ఒక అడుగు వేయవలెను. తప్పు ఒప్పుకొననివారిని గూర్చి మన పెట్టెలో ఏ ఉత్తరములు దాచితిమో వెదకి చూచుకొందము.

ఈ మాసము ఇంటివారందరు కూడి మత్తయి 18:21-35 చదువుకొనుడి.