గిడుగు రామమూర్తి పంతులుగారు

ఫ్రెంచి నేర్చుకొనుచున్న మన కనకాలపేట బాలుడు మేము, మనము అను మాటలను తారుమారు చేసినచో మనము నవ్వుదుము. ఫ్రెంచిలో ఆ రెంటికిని ఒకటే మాట. ఆ నియమమే తెలుగులోనికి చొరబడి యుండవచ్చును. ఇట్టి రెండు భాషల పిల్లలను చూచినపుడు మాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వత్తురు.

ఆయన 1863లో పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. అచటి కొండలలోని సవర పిల్లలకు ఇంట సవర, బడిలో తెలుగు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా కుటుంబమునకు చెందినది. తెలుగు వ్యాకరణపు మూసలో అది యిమడదు. కావున పంతులుగారు తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. సవరలో వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడపిరి.

మన్యపు జ్వరమునకు మ్రింగిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చినది. పరభాషను చెవితో పట్టవలసిన వానికి అంతకన్న నష్టమేమి? అయినను పని మానలేదు. 1931లో సవర వ్యాకరణము అచ్చయినది. (వాడుక భాషకై పోరాడిన ఆయన చరిత్రను మేము గ్రాంథికమున వ్రాయుట చూచినచో కోపగింతురేమో!)

1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరగా, అందుకు సమ్మతింపని పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలిరి. 1940లో మద్రాసులో కాలధర్మము నొందిరి.